మలుపు దగ్గర గాటు

మార్చి 3, ఆదివారం

ప్రియమైన పిచ్చుకకు,

నీ ఇస్త్రీ రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ, మా ఆయనా, మీ ఇంటి పైకప్పూ ముగ్గురం క్షేమమే. పైకప్పు విషయం మాత్రం ఒక గట్టి వాన పడేదాకా ప్రమాణం చేసి చెప్పలేను. అక్కడ నువ్వూ, పిల్లలూ బాగున్నారనీ, నీ నడుంనొప్పి ఇప్పటికైనా నీ మాట వింటోందనీ అనుకుంటున్నాను.

ఫోనుండగా ఉత్తరాలేమిటని మా ఆయన నవ్వుతున్నారు. హాస్టల్లో ఒకే గదిలో ఉంటూ, అలిగినప్పుడల్లా దిండు కింద చీటీలు పెట్టుకున్నవాళ్ళం మనం. ఎదురుగా కూర్చుంటే మాట పెగలదు, కాగితం ముందు కూర్చుంటే ఆగదు. చేతిరుమాలు మడత కూడా నలగనివ్వనని నాకు ఇస్త్రీ అని పేరు పెట్టిందానివి నువ్వే. ఆ పేరే తగులుకుంది కాబోలు, చివరికి బట్టల మీద మరకలు తీసే షాపులోనే తేలాను. ఎన్ని సబ్బులు మార్చినా చేతులకి ఆ మందు వాసన వదలదు. భోజనాల దగ్గర మా ఆయన నాకు దూరంగా కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

మీ ఇల్లు అని రాశాను, చూశావా. కొనుక్కుని ఇన్నాళ్ళయినా మా ఇల్లు అనడానికి నోరు రావడం లేదు. బయటివాళ్ళకి అమ్మితే పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతారు, నువ్వైతే దాన్ని నిలబెడతావు అని నువ్వన్న మాట నాకు పెద్ద బిరుదులా అనిపించింది. ఆ ఉత్సాహంలో సంతకం పెట్టేశాను. తరువాత తాళం తీసి లోపల నిలబడ్డాను, చూడు, అప్పుడు తెలిసింది ఎంత పని నెత్తికెత్తుకున్నానో. మీ నాన్నగారు పోయాక మేడ మీదికి ఎవరూ వెళ్ళినట్టు లేదు. గోడలకి చెమ్మ పట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. కిటికీ రెక్కలు ఉబ్బిపోయి, మూసినవి తెరుచుకోవు, తెరిచినవి మూసుకోవు. వెనక గదిని పావురాలు ఎప్పుడో స్వాధీనం చేసుకున్నాయి. నేను వెళ్ళి తలుపు తీస్తే, అడక్కుండా లోపలికి వచ్చావేమిటన్నట్టు చూశాయి.

ఆ వారంలోనే మా వదిన వచ్చింది. మా ఆయన అక్క, తెలుసుగా, అద్దంలాంటి నేలలున్న కొత్త ఫ్లాటు వాళ్ళది. బట్టలకి ఎక్కడేం అంటుకుంటుందోనని ముడుచుకుని హాలు మధ్యలో నిలబడింది. దీనికి తాళం కూడా ఎందుకే, దొంగొస్తే వాడే జాలిపడి ఏదో ఒకటి పెట్టిపోతాడు అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను గానీ తల కొట్టేసినట్టయింది. ఈ మనిషి చేత ఒక్కరోజు ఈ ఇంట్లో నోరు మూయించకపోతే నేను నేను కాదనుకున్నాను.

అప్పటినుంచీ నా ఆదివారాలన్నీ ఈ ఇంటికే. మేస్త్రి గోడలు గీకించి కొత్తగా సున్నం పూత వేయించాడు. మంచి మనిషే. రేపు వస్తానంటాడు. ఆయన రేపు మన రేపు కాదు, అది ఎప్పుడైనా రావచ్చు. హాల్లో బీరువా జరిపితే వెనకాల లేత నీలం రంగు బయటపడింది. మొదట ఇల్లంతా ఆ రంగేనట, మీ అమ్మ, అదే మా పిన్నిగారు చెప్పారు. అదే రంగు మళ్ళీ కలిపించాను. వంటింటి తూము బాగుచేశారు, పైకప్పు పెంకులు మార్చారు. పావురాలని పంపించడానికి మా ఆయన పడిన అవస్థ ఇంకో ఉత్తరంలో రాస్తాను.

పిన్నిగారి సంగతి చెప్పలేదు కదూ. మన వీధి చివర ఒక కింది వాటాలో హాయిగా ఉన్నారు. షాపు నుంచి వస్తూ తరచు వెళ్ళి కూర్చుంటాను. చూపు మసకమసకగానే ఉంది, వెలుతురూ మనిషి ఆకారమూ తప్ప తెలియడం లేదు. అయినా పొయ్యి దగ్గరికి వెళ్ళడం, కాఫీ కలపడం, గ్లాసు తెచ్చి సరిగ్గా నా చేతికి ఇవ్వడం చూస్తుంటే, కళ్ళున్న నేనే ఆ ఇంట్లో గుమ్మానికి తగులుకుంటున్నాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో అన్నేళ్ళు పనిచేసినప్పటి జ్ఞాపకశక్తి ఇంకా అలాగే ఉంది. ఊళ్ళో డాక్టర్లందరి నంబర్లూ చెప్తారు, పోయినవాళ్ళవి కూడా. వాళ్ళు పోయారు పిన్నిగారూ అంటే, నంబరు పోలేదు కదా అంటారు.

మీ ఇద్దరి ఒప్పందం గురించి కూడా చెప్పారు. జ్ఞాపకం సరిగ్గా ఉన్నంతకాలం ఒక్కదాన్నే ఉంటాను, అది తప్పిన రోజున నువ్వు ఎక్కడ ఉండమంటే అక్కడ ఉంటాను అన్నారటగా. ఎంత గర్వంగా చెప్పారనుకున్నావు. తాను ఓడిపోయే పందెం కాదన్న ధీమా ఆవిడది.

వచ్చే ఆదివారం నలుగురినీ టీకి పిలిచాం, బాగుచేసిన ఇల్లు చూపించడానికి. పిన్నిగారు వస్తానన్నారు. వదిన కూడా వస్తోంది. నువ్వు కూడా ఉంటే బాగుండేది.

ఇట్లు,
నీ ఇస్త్రీ

తా.క.: అసలు విషయాలన్నీ తా.క.లోనే రాస్తానని నన్ను ఏడిపించేదానివి కదా, ఇదిగో. మెట్ల రెయిలింగ్ ఇప్పుడు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. మలుపు దగ్గర ఎవరో కొరికినట్టు ఒక పెద్ద గాటు ఉండేది. మీ ఇంట్లో ఎలుకలు కూడా రెయిలింగ్ పట్టుకునే మెట్లు దిగుతాయా అంది వదిన. వడ్రంగి రాని రోజు చూసి ఆయన చిత్రిక తీసుకుని గాటు పోయేదాకా నేనే పట్టాను, పైన ఉప్పుకాగితంతో రుద్దాను. ఇప్పుడు పైనుంచి కిందిదాకా చెయ్యి ఎక్కడా ఆగదు.


మార్చి 21, గురువారం

ప్రియమైన పిచ్చుకకు,

నీ ఉత్తరం అందింది. క్షేమ సమాచారాలు అడిగే ముఖం నాకు లేదు, అయినా అడుగుతున్నాను. ప్రయాణం బడలిక తీరిందా? పిల్లలు అమ్మమ్మ గురించి బెంగపెట్టుకున్నారా?

నువ్వు వచ్చి ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ నీతో నేను సరిగ్గా మాట్లాడలేదు. నీ టీ, నీ టిఫినూ, పిన్నిగారి మందులూ చూసుకోవడంలో తీరిక లేనట్టు తిరిగాను. తీరిక లేక కాదు, నీ ముఖంలోకి చూడలేక. పిన్నిగారు మా ఇంట్లో, నేను పిలిస్తే వచ్చి, నా చేతి టీ తాగకుండానే పడిపోయారు. అది తలుచుకుంటే అన్నం సహించడం లేదు. నువ్వు మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వేం చేస్తావే, ఆవిడకి వయసైపోయింది అన్నావు. ఆ మాటకి నేను తల ఊపాను.

ఎలా జరిగిందో వివరంగా రాయమన్నావు. రాస్తున్నాను.

ఆ రోజు పిన్నిగారు వచ్చేటప్పటికి అందరూ చేరారు. ఆవిడ గుమ్మంలోనే ఆగి గట్టిగా గాలి పీల్చి, సున్నం వాసన, మా పెళ్ళయిన కొత్తలో ఇలాగే ఉండేది అన్నారు. గోడలు తడిమారు. కిటికీ రెక్క తెరిచి మూసి, మళ్ళీ తెరిచారు. దీనికి పలికే నోరు పోయింది, ఇదివరకు తీస్తే కిర్రుమనేది అని నవ్వారు. వదిన సహా అందరూ ఆవిడ వెనకాలే తిరిగారు. నాకెంత సంబరంగా ఉందో చెప్పలేను. ఇల్లు బాగుందని వదిన రెండోసారి కూడా అంది. మేడ మీదికి ఆవిడే ముందు ఎక్కారు, గబగబా. మేమందరం వెనకాల ఆయాసపడుతూ వెళ్ళాం.

టీ తెస్తున్నానని నేను ముందుగా దిగాను. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. ఎవరో చెయ్యి ఇవ్వబోతే పిన్నిగారు వద్దన్నారట, నా ఇంట్లో నాకు చెయ్యెందుకు అన్నారట. నేను వంటింట్లో ఉన్నాను. చప్పుడు విని పరిగెత్తుకొచ్చేసరికి మలుపు కింద పడి ఉన్నారు. మలుపులో మెట్లు ఒకపక్క సన్నగా, గోడవైపు వెడల్పుగా ఉంటాయి కదా, ఆ సన్నటి వైపు కాలు వేసి ఉంటారు. మణికట్టు విరగడమూ, నుదురు చిట్లడమూ తప్ప ఇంకేం కానందుకు సంతోషించాలని డాక్టరు అన్నారు. చూపు లేనివాళ్ళని ఒంటరిగా వదిలేస్తే ఇలాగే ఉంటుంది మరి అని వదిన అక్కడే అంది. కాదని నేను అనలేదు.

ఇప్పుడు కాస్త తేలికగా ఉన్నారు. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి పొద్దున నేనే వెళ్ళి తల దువ్వి, తినిపించి, షాపుకి వెళ్తున్నాను. మునుపటంత మాట్లాడటం లేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఏదో అడగాలన్నట్టు నా వైపు తిరుగుతారు. అడగరు. నేను దువ్వెన పట్టుకుని గబగబా దువ్వేస్తాను.

మన స్నేహం మీద దీని నీడ పడకూడదని నా కోరిక. ఏం కావాలన్నా నాకు చెప్పు, నేనున్నాను.

ఇట్లు,
నీ ఇస్త్రీ

తా.క.: నువ్వు అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి జవాబు రాయడం మరిచాను. రెయిలింగ్ మీది గాటు చూపు లేని తనకోసం మీ నాన్నగారు చెక్కిందనీ, తాళాలిచ్చిన రోజు ఆ సంగతి నాకు స్వయంగా చెప్పాననీ, ఉంచమని అడిగాననీ పిన్నిగారు నీతో అన్నారన్నావు. అలాంటిదేమీ నాతో చెప్పలేదే. చెప్పి ఉంటే తీస్తానా? నేను దాన్ని ఎలుక కొరికిందనే అనుకున్నాను. పాపం, దెబ్బ తగిలిన గాభరాలో అలా అనిపించి ఉంటుంది, నువ్వేమీ అనకు.


ఏప్రిల్ 14, ఆదివారం

ప్రియమైన పిచ్చుకకు,

ఈసారి క్షేమం అని రాయను. నీ ఉత్తరం చదివినప్పటినుంచీ ఇక్కడేదీ క్షేమంగా లేదు. నీకు అక్కడ ఎలా ఉందో ఊహించుకోగలను. కన్నతల్లిని పెద్దవాళ్ళని చూసుకునే ఒక చోట చేర్పించడానికి ఒప్పుకుని వచ్చిన మనిషికి నిద్ర ఎలా పడుతుంది?

ఆ చోటు మంచిదనే రాశావు. తోట ఉంది, నర్సులున్నారు, గదికి తలుపు గడియ లోపలివైపు ఉండదు. ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఉండదంటే పిన్నిగారు తన తలుపు తాను వేసుకోలేరన్నమాట. డాక్టరు అడిగిన ప్రశ్నలన్నిటికీ ఆవిడ జవాబు చెప్పినా, జరగనిది జరిగినట్టు గుర్తుండటం మంచి లక్షణం కాదని ఆయన అన్నారని రాశావు. నంబర్లు గుర్తుంటే ఏం లాభమే, నీకు చెప్పని మాట చెప్పానని కళ్ళనీళ్ళు పెట్టుకుని ఒట్టేస్తోంది, రేపు వెలిగించని పొయ్యి వెలిగించానంటుంది, వెలిగించింది ఆర్పేశానంటుంది అని రాశావు. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నావు.

నిన్న సాయంత్రం షాపు నుంచి పిన్నిగారి దగ్గరికి వెళ్ళాను. కట్టు విప్పారు, చెయ్యి సన్నబడింది. తలుపు తెరిచే ఉంది, కానీ ఆవిడ లేవలేదు. కాఫీ కలపనా అని ఆవిడ అడగలేదు, నేనే కలిపాను. గ్లాసు చేతికిస్తే పొయ్యి ఆర్పావా అన్నారు. ఆర్పాను అన్నాను. మరోసారి చూసిరా అమ్మాయ్ అన్నారు. వెళ్ళి చూసొచ్చాను. ఆ తరువాత నాతో, నా ఇంటి నంబరు నువ్వు చెప్పు, నేను అనుకుంటున్నదే అవునో కాదో సరిచూసుకుంటాను అన్నారు. ఊళ్ళో అందరి నంబర్లూ నాలుక చివర పెట్టుకున్న మనిషి తన నంబరు నన్ను అడుగుతున్నారు. చెప్పాను. అవును, అదే అన్నారు. అని కూడా, నిజంగా అదేనా అన్నట్టు నా వైపే తిరిగి కూర్చున్నారు.

అప్పుడు అడిగారు. ఇన్నాళ్ళూ అడగనిది. తాళాలిచ్చిన రోజు మెట్ల మీద నేను నీతో ఏమైనా మాట్లాడానా అమ్మాయ్, నిజం చెప్పు అన్నారు.

నేను అవుననలేదు, కాదనలేదు. నా మౌనానికి ఆవిడే అర్థం చెప్పుకున్నారు. అదే అయ్యుంటుంది, మా అమ్మాయి చెప్పిందే నిజం, ఆ రోజు ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు నాకు బాగా గుర్తు, ఆ చేతికి ఘాటుగా మందు వాసన ఉంది, మందు వాసనంటే ఆస్పత్రి నర్సే అయి ఉంటుంది కదా, కట్టు కట్టేటప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంటాను, దాన్ని తెచ్చి మెట్ల మీద పెట్టుకున్నాను అన్నారు. ఎంతో ఓపిగ్గా, లెక్క తప్పిన చోటు వెతికి పట్టుకున్నట్టు చెప్పారు. ఆపైన నా మోకాలు తడిమి, నిన్ను ఊరికే ఆడిపోసుకున్నాను తల్లీ, మనసులో పెట్టుకోకు అన్నారు.

నాకు, పిచ్చుకా, నాకు ఆవిడ క్షమాపణ చెప్పారు. నేను అక్కడ కూర్చోలేకపోయాను. షాపులో పని ఉందని అబద్ధం చెప్పి వచ్చేశాను. ఇంటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడితే ఆ నున్నటి చెక్కని చూసి అసహ్యం వేసింది. వడ్రంగి వదిలిపోయిన ఉలి తీసుకుని గాటు మళ్ళీ పెడదామనుకున్నాను. ఎక్కడ పెట్టాలో తెలియదు. నాకు కనిపించేది చెక్క మాత్రమే, ఆ చోటు ఆవిడ వేళ్ళకే తెలుసు. ఉలి పక్కన పెట్టేశాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, తప్పు నాదని నువ్వు తెలుసుకోవాలి. ఆవిడ కాలు జారలేదు. మీ నాన్నగారు పెట్టిన గాటు వేలికి తగిలితే గోడవైపుకి జరగడం ఆవిడకి అలవాటు. నేను దాన్ని చెరిపేశాను కాబట్టి పడ్డారు. చూపు లేనందుకో, వయసు మీద పడినందుకో కాదు. ఎలుక కొరికిందనుకుని చేసినా, తెలియక చేసినా, చేసింది నేనే. ఇది దృష్టిలో పెట్టుకుని ఆ చోటు విషయం మరోసారి ఆలోచించమని ప్రాధేయపడుతున్నాను. ఇంతకన్నా అడిగే అర్హత నాకు లేదు.

పిల్లలకి నా ముద్దులు.

ఇట్లు,
నీ ఇస్త్రీ

తా.క.: కవరు అంటించడానికి జిగురు రాసి కూడా ఆగిపోయాను. పైన రాసిందాంట్లో ఒక మాట అబద్ధం. తెలియక చేసినా అన్నాను చూడు, అది.

నాకు తెలుసు. తాళాలిచ్చిన రోజు నువ్వు వీధిలో బండిలోకి సామాన్లు ఎక్కిస్తున్నావు. పిన్నిగారు నన్ను మెట్ల మీదికి పిలిచారు. నా కుడిచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ గాటులో నా వేలు పెట్టారు. నా చూపు తగ్గడం మొదలైనప్పుడు మీ బాబాయి కూర్చుని చెక్కారు, ఇక్కడ వేలు దిగిందంటే లైను మారిందన్నమాట, గోడవైపుకి జరగాలి, ఇల్లంతా నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకో, దీన్ని మాత్రం ఉంచు అమ్మాయ్, ఎప్పుడైనా చూడ్డానికి వస్తే నాకు దారి ఉంటుంది అన్నారు. అలాగే పిన్నిగారూ అన్నాను. నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, నీ చేతికి మీ షాపు మందు వాసనొస్తోందే, ఘాటుగా, నిమ్మకాయతో రుద్దుకో అని నవ్వారు. నేనూ నవ్వాను.

చిత్రిక పట్టిన రోజు ఇదంతా నాకు గుర్తుంది. మరిచిపోయి చేసిన పని కాదు. ఆదివారం వదిన వస్తుంది, మళ్ళీ ఎలుకలంటుంది, నలుగురూ నవ్వుతారు. నా తలలో అదొక్కటే తిరిగింది. పిన్నిగారు వచ్చినప్పుడు నేనే చెయ్యి పట్టుకుని దించుతాను, ఇంకేమిటి అని సర్దిచెప్పుకున్నాను. మరక కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదని నీకు తెలుసు కదా. మీ నాన్నగారి చేతిపనిని కూడా మరకలాగే చూశాను.

ఇంకొకటి. ఆవిడ పడ్డప్పుడు నేను వంటింట్లో లేను. మెట్ల కింద ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను, వదిన నా పక్కనే ఉంది. మలుపు దగ్గరికొచ్చి ఆవిడ ఆగారు. వేళ్ళు చెక్క మీద ముందుకి పోయాయి, వెనక్కి వచ్చాయి, మళ్ళీ ముందుకి పోయాయి. ఏం వెతుకుతున్నారో అక్కడున్న అందరిలో నాకొక్కదానికే తెలుసు. ఆగండి పిన్నిగారూ అంటే చాలు. అంటే ఎందుకని వదిన అడుగుతుంది, అడిగితే అందరి ముందూ చెప్పాలి. ఆ సిగ్గుతో నోరు తెరవలేదు. మలుపు ఇంకా రాలేదనుకుని ఆవిడ నేరుగా కాలు వేశారు.

ఆ గది వద్దని ఇవాళే చెప్పు. మీ అమ్మ జ్ఞాపకంలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు, వాసనతో సహా అన్నీ సరిగ్గా గుర్తున్నాయి. మీ ఒప్పందంలో ఆవిడ ఓడిపోలేదు. నన్ను ఇక పలకరించకపోయినా సరే, ఆ మాట మాత్రం ఆవిడకి నీ నోటితో చెప్పు.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి అటునుంచి అటే పిన్నిగారి దగ్గరికి వెళ్తున్నాను. నా చెయ్యి ఆవిడ చేతిలో పెడతాను. వాసన చూస్తే ఆవిడకే తెలిసిపోతుంది, నేను నోరు విప్పాల్సిన పని ఉండదు. అయినా విప్పుతాను. ఆ చెయ్యి నర్సుది కాదు పిన్నిగారూ, నాది అని చెప్తాను.